శునకాల చర్మవ్యాధులు

మానవుడు మచ్చిక చేసుకున్న జంతువులలో శునకానిది ప్రథమస్థానం. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ఇంద్రునితో పలికిన ఘట్టం తెలుగువారికి సుపరిచితమే. అంతటి గౌరవం పొందిన జంతువు పేరు 'గజ్జికుక్క' అనే మాటలో తిట్టుగా మారిపోయింది. వెంట్రుకలు రాలి, ఒళ్ళంతా పుండ్లుపడిన కుక్క కనబడితే రాయి విసిరి తరమడం పరిపాటి. అది తీరని రోగమనే అపోహ ఇందుకు ప్రధానకారణం. నిజానికి మూలాన్ని గుర్తించి చికిత్స చేస్తే, శునకాల చర్మవ్యాధులలో చాలావరకు నయమవుతాయి. మిగిలినవి అదుపులో ఉంటాయి.

నిజామాబాదు జిల్లాలోని భీమ్‌గల్ వరి, పసుపు, మొక్కజొన్న పండే ప్రాంతం. ఇటువంటి వ్యవసాయ ప్రాంతాలలో కుక్క ఇంటికీ, పొలానికీ, మేకలమందకూ కాపలాదారు. అది పగలు పశువుల కొట్టంలోనూ, రాత్రి వీధికుక్కల మధ్యనూ తిరుగుతుంది. అందువల్ల ఒక జంతువుకు సోకిన వ్యాధి మరొకదానికి సులభంగా వ్యాపిస్తుంది.

చర్మవ్యాధులకు ముఖ్యకారణం పరాన్నజీవులు. గజ్జిని కలిగించేది సార్కోప్టిస్ అనే సూక్ష్మమైన నల్లి. దాని పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడనల్లి చర్మపు పైపొరలో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదిగి, పిల్ల ఎదిగి, తిరిగి గుడ్లు పెట్టే దశకు రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట మొదట వ్యాధికి గురవుతాయి. భరింపరాని దురదతో కుక్క రేయింబవళ్ళు గోకుకుంటుంది. ఆ గాయాలలో బాక్టీరియా చేరి చీము పడుతుంది, దుర్వాసన వస్తుంది. దురదతో తిండి, నిద్ర కరవై జంతువు చిక్కి శల్యమవుతుంది.

డెమోడెక్స్ అనే మరొక నల్లి వెంట్రుకల కుదుళ్ళలో నివసిస్తుంది. పుట్టిన కొద్దిరోజులలోనే తల్లి నుండి పిల్లకు చేరుతుంది. ఆరోగ్యవంతమైన కుక్కలలో ఇది ఏ హానీ చేయదు. రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు మాత్రం విపరీతంగా వృద్ధిచెంది వెంట్రుకలను రాల్చివేస్తుంది. ఇది సార్కోప్టిస్ గజ్జివలె ఒక కుక్క నుండి మరొకదానికి అంటుకోదు.

పిడుదులు రక్తాన్ని పీల్చడమే గాక ఎర్లీకియా, బాబీసియా వంటి ప్రాణాంతక వ్యాధులను మోసుకువస్తాయి. గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్నపురుగు కుట్టినప్పుడు దాని లాలాజలం పడక కొన్ని కుక్కలకు నడుము వద్ద, తోక మొదట వెంట్రుకలు ఊడుతాయి. శిలీంధ్రాల వల్ల వచ్చే తామర గుండ్రని మచ్చలుగా కనిపిస్తుంది. కొన్ని ఆహారపదార్థాలు పడకపోవడం, పోషకాహారలోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం కూడా చర్మాన్ని దెబ్బతీస్తాయి. లక్షణాలు ఒకేలా కనిపించినా కారణాలు వేరు. అందుకే పశువైద్యులు చర్మాన్ని గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు.

కారణం తెలియకుండా చేసే గృహవైద్యం ప్రమాదకరం. పసుపు, వేపనూనె పైపూతగా కొంత ఉపశమనం ఇచ్చినా, చర్మం లోపల దాగిన నల్లిని నిర్మూలించడానికి వాటిపై ఆధారపడరాదు. కిరోసిన్, వాడిన ఇంజన్ నూనె, పంటలపై చల్లే పురుగుమందు పూస్తే, కుక్క ఒళ్ళు నాకినప్పుడు ఆ విషం కడుపులోకి చేరుతుంది.

నల్లిని చంపే మందులు నేడు అనేకం ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఐవర్‌మెక్టిన్. జపాన్ మట్టిలో లభించిన ఒక సూక్ష్మజీవి దానికి మూలం. ఆ పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. అయినా పశువులకని తెచ్చిన ఆ మందును కుక్కకు ఉజ్జాయింపుగా వేయరాదు. మోతాదు మించితే మెదడు దెబ్బతింటుంది. కోలీ వంటి జాతులకు కొద్ది మోతాదు కూడా ప్రాణాపాయం కావచ్చు. శరీరపు బరువునుబట్టి పశువైద్యుడే దానిని నిర్ణయించాలి. గుడ్ల నుండి వెలువడే కొత్త నల్లులు సైతం నశించేదాకా, కొన్ని వారాలపాటు చికిత్స కొనసాగించాలి. దురద తగ్గగానే మందు మానివేస్తే వ్యాధి తిరగబెడుతుంది.

కుక్కగజ్జి మనుషులకు సోకితే కొద్దిరోజులు దురద, దద్దుర్లు కలుగుతాయి. ఆ నల్లి మానవచర్మంపై స్థిరపడి వృద్ధిచెందలేదు. తామర మాత్రం కుక్క నుండి మనిషికి, ముఖ్యంగా పిల్లలకు అంటుకుంటుంది. కనుక వ్యాధిగ్రస్తమైన కుక్కను వేరుగా ఉంచి, పడుకునే గోనెపట్టాను వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయాలి. తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లోని తక్కిన కుక్కలకూ వైద్యుని సలహాతో మందు వేయించాలి.

తన బాధను చెప్పుకోలేని జీవికి మాటకు బదులు ఒంటిమీది పుండే సాక్ష్యం. రాత్రంతా మేలుకొని ఇంటిని కాచే జంతువును రోగం వచ్చినప్పుడు గడప బయటకు నెట్టడం కృతజ్ఞత అనిపించుకోదు. సకాలంలో పశువైద్యశాలకు తీసుకువెళితే, నిన్న వాడవాడలా తరిమికొట్టిన గజ్జికుక్కే కొన్ని వారాలలో నిగనిగలాడే వెంట్రుకలతో తిరిగి వాకిట కాపలా కాస్తుంది.