ఆస్ట్రేలియా ప్రాంతీయ వీసా

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా యూరి రైతొకరు చేతిలో ఒక రంగుకాగితము పట్టుకొని మా యరుగు మీదికి వచ్చిరి. వారి కుమారుడు నా శిష్యుడు. ఇప్పుడు హైదరాబాదులో సివిల్ ఇంజనీరుగా నున్నాడు. "అయ్యవారూ, ఇందులో ఏముందో కాస్త నిదానంగా చదివి చెప్పండి. రేపు బ్యాంకుకు పోవాలి" అనిరి. ఆ కాగితము పట్టణమందలి యొక కన్సల్టెన్సీ వారిది. దానియందు మూడు మాటలు లావైన యక్షరములతో నచ్చయి యున్నవి. ఆస్ట్రేలియా ప్రాంతీయ వీసాకు 65 పాయింట్లు వచ్చిన జాలును. దిగినవెంటనే ఉద్యోగము ఖాయము. ఆరు నెలలు గడచిన పిమ్మట సిడ్నీకి మారవచ్చును. ఇక బ్యాంకులో పని యేమనగా, రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టుట.

"నాకు రెండు దినములు గడువిండు, బ్యాంకు ఎక్కడికిని పోదు" అని చెప్పి పంపితిని. ఆ రెండు దినములలో ఆస్ట్రేలియా ప్రభుత్వము వారు తమంతట తాము ప్రకటించిన నిబంధనలను, శిష్యుని ఫోనులో పెట్టుకొని, చదివితిని. ఇట్టి కాగితములు మరికొన్ని యిండ్లకును చేరుచుండునని తోచుటచే, నాకు బోధపడిన విషయమును శ్రోతలకు విన్నవించుచున్నాను.

ముందుగా "ప్రాంతీయ" మను మాట. మన చెవికి అది మారుమూల పల్లెవలె వినిపించును. వ్యాకరణమున పర్యుదాసమని యొకటి కలదు. వస్తువిది యని చూపక, ఫలానిది కాని తక్కినదంతయు నని చెప్పుట దాని పద్ధతి. ఆస్ట్రేలియా వారి నిర్వచనము అట్టిది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ అను మూడు మహానగరములు తప్ప తక్కిన దేశమంతయు ప్రాంతీయమే. కావున పెర్త్, అడిలైడ్ వంటి పెద్ద నగరములును, రాజధానియైన కాన్‌బెరాయును, టాస్మానియా ద్వీపమందలి హోబార్టును, ఉత్తరమున వేడినేలయైన డార్విన్నును ఈ లెక్కలోనివే. అడిలైడునుండి డార్విన్ చేరుటకు రోడ్డుమీద సుమారు 3,000 కిలోమీటర్లు పోవలెను. రెండును ఒకే మాటక్రిందికి వచ్చును! అందుచేత ప్రాంతీయమనగానే భయపడవలసినది లేదు, అన్ని చోట్లును ఒకటేయని తలపవలసినదియు లేదు.

ఆ దేశము వైశాల్యమున మన దేశమునకు రెండింతలకు మించినది. జనసంఖ్యయో మూడు కోట్లకు లోపు. ఆ కొద్దిమందిలో సుమారు సగము ఆ మూడు నగరములయందే క్రిక్కిరిసి యున్నారు. అచ్చట ఇండ్ల అద్దెలు, బండ్ల రద్దీ పెరుగుచుండగా, వెలుపలి యూళ్లలో ఆసుపత్రికి నర్సులు, పాఠశాలకు ఉపాధ్యాయులు, కట్టడములకు పనివాండ్రు దొరకకుండిరి. వచ్చువారిని వెలుపలి యూళ్లకు త్రిప్పుటకై 2019 నవంబరు 16 నాటినుండి రెండు క్రొత్త వీసాలు అమలులోనికి వచ్చినవి. ఒకటి 491 సంఖ్య గలది; రెండవది 494. 2024-25 సంవత్సరమునకు వారు నిర్ణయించుకొన్న శాశ్వత వలసల సంఖ్య 1,85,000 కాగా, అందు 33,000 ప్రాంతీయ తరగతి క్రింద నుంచిరి.

491 పొందుటకు ఆ దేశమందలి ఒక రాష్ట్రప్రభుత్వమైనను ప్రతిపాదింపవలెను, లేదా ప్రాంతీయ ప్రదేశమున కాపురమున్న దగ్గరి బంధువైనను పూచీపడవలెను. 494 కు ఆ ప్రాంతమందలి యజమానియే, ఈ మనిషి నాకు కావలెనని ముందుకు రావలెను. ఈ భేదము తెలిసినచో కాగితమందలి "ఉద్యోగము ఖాయము" అనుమాట నిలువదు. 491 అచ్చట నివసించి పనిచేయుటకు అనుమతియే కాని ఉద్యోగము కాదు. దిగినపిమ్మట పని తానే వెదకుకొనవలెను. కొన్ని వృత్తులకు వీసా యున్నను వేరొక అనుమతి కావలెను. నర్సు అచ్చటి వృత్తిపట్టికలో నమోదు కానిదే రోగిని ముట్టరాదు, ఎలక్ట్రీషియను లైసెన్సు లేనిదే తీగ ముట్టరాదు. ఎవరైన ఉద్యోగము సిద్ధముగా నున్నదనినచో, యజమాని పేరేమి, ఊరేది యని యడుగుట మన పని. యజమానికి సొమ్ము చెల్లించి పూచీ కొనుట, అమ్ముట, 2015 నుండి ఆ దేశమున శిక్షార్హము.

శిష్యుడు చెప్పిన వివరములు పలకమీద వ్రాసి ఈ క్రింది లెక్క వేసితిని. వయస్సు 25 మొదలు 32 వరకు 30 పాయింట్లు. పట్టమునకు 15. ఆ వృత్తిలోనే, స్వదేశమున, ఐదేండ్లకు తగ్గకయు ఎనిమిదేండ్లు నిండకయు పనిచేసినచో 10. ఇంగ్లీషు కనీసస్థాయికి సున్న, దానిపై మెట్టునకు 10, ఆపై మెట్టునకు 20. మావాడు నడిమి మెట్టున నున్నాడు. భార్యకు ఇంగ్లీషు కనీసస్థాయి యున్నందుకు 5. వెరసి 70. రాష్ట్రము ప్రతిపాదించినచో మరి 15 చేరి 85 అగును.

ఇందులో ఒక ముల్లు కలదు. 33 నిండినయెడల వయస్సు పాయింట్లు 30 నుండి 25 కు దిగును. 40 నిండిన 15. 45 నిండినవారికి ద్వారమే మూతపడును. చూచు వయస్సు దరఖాస్తు నాటిది కాదు, ఆహ్వానము వచ్చిన నాటిది. మావానికి 33 నిండుట డిసెంబరులో. అనగా కాగితము మా యరుగు మీదికి వచ్చిన నాటికి ఏడు నెలలే మిగిలి యున్నవి.

65 చాలుననుమాట అసత్యము కాదు, అర్ధసత్యము. 65 వచ్చినవాడు వరుసలో నిలువవచ్చును, అంతే. వరుసలోనుండి ఎవరిని పిలువవలెనో, ఏ వృత్తివారు కావలెనో ఆయా రాష్ట్రములు నిర్ణయించుకొనును. పాయింట్లు హెచ్చుగా నున్నవారు ముందుందురు. పరీక్షలో ఉత్తీర్ణుడగుట వేరు, సీటు వచ్చుట వేరు. ఇంటర్మీడియటు చదివిన పిల్లలున్న యింట ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఇక "ఆరు నెలల పిమ్మట సిడ్నీ" యను మాట. ఇది మాత్రము శుద్ధాసత్యము; అంతకంటె అపాయకరము. 491 ఐదేండ్ల గడువు గల తాత్కాలిక వీసా. దాని నిబంధన యేమనగా, కాపురము, ఉద్యోగము, చదువు మూడును ప్రాంతీయ ప్రదేశములలోనే జరుగవలెను. ఈ కట్టుబాటు వచ్చిన ఇంజనీరుకే కాదు, భార్యకు, బిడ్డలకును కలదు. చుట్టపుచూపుగా సిడ్నీ పోయి రావచ్చును. అచ్చట కాపురము పెట్టరాదు. ఇల్లు మారినను, పని మారినను 14 దినములలో తెలియజేయవలెను. మాట తప్పినచో వీసా రద్దగుటకు అవకాశమున్నది. మూడేండ్లు ఈ వీసాపై నుండి, మూడు సంవత్సరముల ఆదాయపు పన్ను నిర్ధారణపత్రములు చూపి, నిబంధనలు పాటించినవారు 191 అను శాశ్వత వీసాకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ మూడేండ్లలో తక్కిన నైపుణ్య వీసాల తలుపులు సామాన్యముగా మూసియుండును. కావున ఆరు నెలలకు సిడ్నీ పోయినవాడు పోగొట్టుకొనునది ఒక ఊరు కాదు, శాశ్వత నివాసమునకు వేసికొన్న దారినే.

మేలును చెప్పకుండుట న్యాయము కాదు. ఈ తాత్కాలిక వీసావారికిని అచ్చటి ప్రభుత్వ వైద్యసహాయమైన మెడికేర్ లభించును. నాలుగేండ్ల నివాసము, అందు చివరి యేడాది శాశ్వతనివాసిగా, పూర్తియైనచో పౌరసత్వము కోరవచ్చును. 491 మీద గడచిన కాలమును ఆ నాలుగేండ్లలో లెక్కించెదరు. ప్రాంతీయ ప్రదేశము తనకు తగిన యూరై, తన వృత్తికి పని యున్నచోట, ఇది మంచి బేరమే యని నా అభిప్రాయము. అయితే ఏ యూరో చూచుకొనక, వీసా చేతికి వచ్చుటయే పెండ్లియని తలచువారికి మూడేండ్లు దీర్ఘకాలము.

మూడవనాడు రైతుగారు వచ్చినపుడు వారికి నేను చెప్పినది ఖర్చుల క్రమము. మొదట వృత్తినైపుణ్యమును నిర్ధారించు సంస్థ. ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా, కంప్యూటరువారికి ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ. దానికొక రుసుము. పిమ్మట ఇంగ్లీషు పరీక్ష, దానికొకటి. అటుపై స్కిల్‌సెలెక్ట్ అను పట్టికలో ఆసక్తిని ప్రకటించుకొనుట. దీనికి రుసుమే లేదు. రాష్ట్రము ఎన్నుకొని ప్రతిపాదించినచో ఆహ్వానము వచ్చును. అప్పుడు 60 దినముల గడువులో వీసా దరఖాస్తు. పెద్ద సొమ్మైన వీసా రుసుము, ముఖ్య దరఖాస్తుదారునికి 4,000 డాలర్లకు మించినది, ఈ చివరి మెట్టున గాని పడదు. భార్యాబిడ్డలకు వేరుగా. దరఖాస్తు త్రోసివేసినను ఆ రుసుము తిరిగి రాదు.

"అంటే, ఇప్పుడే పొలం పెట్టక్కర్లేదా?" అని వారడిగిరి.

"పిలుపు వచ్చిన తరువాత చూచుకొనవచ్చును. పిలుపు రానిచో పెట్టనే యక్కరలేదు" అంటిని.

కన్సల్టెన్సీవారు మొదటి దినముననే మొత్తము సొమ్ము కోరి యుండిరి. ఆస్ట్రేలియాలో వలసవిషయమున సలహా చెప్పువాడు న్యాయవాదియైనను కావలెను, ప్రభుత్వ పట్టికలో నమోదైన ఏజెంటైనను కావలెను. ఆ పట్టికను ఎవరైనను చూడవచ్చును. మనవారు చూచితిరి. కాగితముమీది పేరు అందులో కానరాలేదు. మన దేశమున కూర్చుండి సలహా చెప్పువానిని ఆ చట్టము నేరుగా కట్టకపోవచ్చును. పేరు లేనివానికి సొమ్మిచ్చుటయా మానుటయా యని మనము తేల్చుకొనుటకు మాత్రము అది చాలును.

పాయింట్ల పట్టికలో నన్ను నిలువబెట్టిన వరుస ఇంకొకటి కలదు. దానికి ముందు ఒక పాతకథ చెప్పవలెను. 1901 లో ఆస్ట్రేలియా చేసిన వలసనిరోధ చట్టములో శ్రుతలేఖన పరీక్ష యుండెను. రేవున దిగినవానిచేత అధికారి 50 పదములు, తాను కోరిన యూరోపియను భాషలో, వ్రాయించును. తెల్లవారు కానివారిని త్రిప్పి పంపుటయే దాని యుద్దేశము. 1934 లో ఎగోన్ కిష్ అను పత్రికారచయిత పెక్కు భాషలెరిగినవాడు. అతనిని అడ్డగింపవలెనని స్కాట్లండు గేలిక్ భాషలో శ్రుతలేఖనము పెట్టిరి. అది యూరోపియను భాషగా లెక్కకు రాదని అచ్చటి ఉన్నత న్యాయస్థానము పరీక్షను కొట్టివేసెను. 1958 లో ఆ పరీక్షయే పోయినది. పిల్లలకు శ్రుతలేఖనము చెప్పిన నావంటివానికి, నేర్పుటకు పుట్టిన సాధనమును తరుముటకు వాడిరన్నది చదివి మనస్సు కలుక్కుమనినది.

అదే దేశమున నేడు తెలుగు వచ్చినవానికి 5 పాయింట్లు కలవు! నాటి యను సంస్థ (మన "ఆనాటి" మాటతో దీనికి చుట్టరికము లేదు) నడపు సామాజికభాషా పరీక్షలో తెలుగొకటి. రెండు సంభాషణలుండును, ఒక్కొక్కటి సుమారు 300 పదములు. ఒకరు ఇంగ్లీషున, ఒకరు తెలుగున మాటలాడుచుందురు. పరీక్షార్థి 35 పదములకు మించని తునకలుగా ఇటునుండి అటు, అటునుండి ఇటు చెప్పవలెను. మొత్తము 90 మార్కులకు 63 రావలెను; ఒక్కొక్క సంభాషణలో 29 కి తగ్గరాదు. పుట్టినదినమున పోవు 5 పాయింట్లును, తెలుగు తెచ్చు 5 పాయింట్లును సరిసమానము. ఈ సంగతి ఆ రంగుకాగితమున ఎక్కడను లేదు.

మావాడు ఆరవ తరగతినుండి ఇంగ్లీషు మీడియము. ప్రతి సాయంకాలము ఫోనులో మేము ముగ్గురము కూర్చుంటిమి. భార్య ఇంగ్లీషు వైద్యురాలు, నేను తెలుగు రోగిని, అతడు నడుమ దుబాసీ. ఒకనాడు వైద్యురాలి మాటకు అతడు తడుముకొనగా నేను "ఔషధపత్రము" అని అందించితిని. "అయ్యవారూ, మందుల చీటీ అంటే సరిపోదా?" అనెను. ఆలోచించి చూచితిని, సరిపోవును. మరునాటినుండి నేనును రోగివలె, మా యూరి ఆసుపత్రి వరుసలో వినబడు తెలుగే మాటలాడితిని.

పరీక్ష గడచిన వారము ముగిసినది, ఫలితము రాలేదు. వృత్తినిర్ధారణపత్రము చేతికి వచ్చినది, పట్టికలో పేరు చేరినది. డిసెంబరునకు ఇంకను రెండు నెలలున్నవి. రైతుగారు నిన్న అరుగుమీద కూర్చుండి, పట్టాదారు పాసుపుస్తకము పెట్టెలోనే యున్నదని చెప్పి, అడిలైడులో వానలు ఏ నెలలో పడునని నన్నడిగిరి. అచ్చట వానలు చలికాలమున, అనగా మనకు జూన్, జూలై మాసములలో పడునని చెప్పితిని. "అయితే మన నారుమడి వేళకే" అనిరి.