పార్శ్వపు నొప్పి – మనం తినే తిండి

ధరణికోటలో మిరప కోతలకు పోయే ఒక అక్క. తెల్లవారకముందే లేస్తుంది. వాకిలి ఊడుస్తుంది. నీళ్ళు పడుతుంది. వంట చేసి పిల్లలకు పెడుతుంది. ఇంటాయనకు క్యారేజీ కడుతుంది. తను మాత్రం గ్లాసెడు టీ తాగి ఆటో ఎక్కుతుంది. సద్ది విప్పేది పొద్దు నడినెత్తికి వచ్చాకే.

ఆమెకు నెలకు రెండు మూడుసార్లు తలనొప్పి వస్తుంది. అది మామూలు నొప్పి కాదు. ఒక పక్క కణత దగ్గర మొదలవుతుంది. సుత్తితో కొట్టినట్టు పోటు పెడుతుంది. వెలుతురు చూడలేదు. పిల్లల అరుపు భరించలేదు. కడుపులో తిప్పుతుంది. ఒక్కోసారి వాంతి అవుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. మరునాటి కూలి కూడా పోవచ్చు.

"వేడి చేసింది, వంకాయ మానెయ్" అన్నారు ఇరుగుపొరుగు వాళ్ళు. మానేసింది. "పెరుగు పడదేమో" అన్నారు. అదీ మానేసింది. తర్వాత వేరుశనగ గుళ్ళు, టమాటా, కోడిగుడ్డు. ఏడాది తిరిగేసరికి ఆమె కంచంలో అన్నం, చారు మిగిలాయి. తలనొప్పి తగ్గలేదు. పైగా నీరసం వచ్చింది.

ఇది ఏమి జబ్బు?

దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు అర్ధావభేదకం. అంటే సగం తలను చీల్చే నొప్పి అని. కొందరికి రెండు పక్కలా కూడా వస్తుంది. వస్తే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండవచ్చు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరి దగ్గర పడినప్పుడు చాలామందికి వస్తుంది. తల్లికి ఉంటే బిడ్డకూ రావచ్చు.

ఇది దిష్టి కాదు. దొంగ నొప్పి అంతకన్నా కాదు. "పనికి ఒళ్ళు వంగక తలనొప్పి అంటోంది" అనే అత్తలకు ఈ పేజీ చదివి వినిపించండి.

తిండికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. కానీ చాలామంది అనుకునే విధంగా కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళ మెదడు చిన్న మార్పుకే ఉలిక్కిపడుతుంది. నిద్ర తగ్గినా, ఎండ తగిలినా, ఘాటు వాసన వచ్చినా, మనసు కష్టపడినా నొప్పి లేవవచ్చు. వేళకు తిండి లేకపోయినా లేస్తుంది. తిండి విషయంలో ముందుగా చూడవలసింది ఇదే. ఏం తిన్నామా అని వెతుకుతాం. ఏ పూట తినలేదో చూసుకోము.

ఒక్కపొద్దులు, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళలో కొందరికి ఆ రోజు సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఆకలి, దాహం, వేళకు టీ పడకపోవడం, మూడూ కలుస్తాయి. ఎక్కువసార్లు నొప్పి వచ్చేవాళ్ళు ఉపవాసం గురించి డాక్టరును అడగడం మంచిది. ధరణికోట పాతపేరు ధాన్యకటకం. శాతవాహనుల నాటి పట్నం. ధాన్యం పేరు పెట్టుకున్న ఊళ్ళో ఆడమనిషి కడుపు మాడ్చుకొని పొలానికి పోవడం ఏం బాగుంది?

టీ సంగతి కొంచెం తిరకాసు. టీలో, కాఫీలో కెఫీన్ ఉంటుంది. అది కొందరికి నొప్పి తగ్గిస్తుంది. అందుకే తలనొప్పి రాగానే టీ అడుగుతారు. రోజూ ఐదారుసార్లు తాగే అలవాటు పడ్డాక ఒక రోజు మానితే, ఆ మానడం వల్లనే నొప్పి వస్తుంది. తగ్గించాలంటే వారానికి ఒక గ్లాసు చొప్పున తగ్గించాలి.

పత్రికల్లో పెద్ద జాబితాలు వేస్తారు. చీజ్, చాక్లెట్, ద్రాక్ష సారాయి అని రాస్తారు. చీజ్ అంటే మన జున్ను కాదు. నెలల తరబడి మాగబెట్టేది. అందులో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. అది కొందరికి పడదు. ఆ జాబితా చూసి పల్నాటి ఇల్లాలు బెదిరిపోనక్కరలేదు. మన దగ్గర బాగా పులిసిన పదార్థాలు, ఎక్కువ కాలం నిల్వ ఉంచినవి కొందరికి పడకపోవచ్చు. కల్లు, సారా, బ్రాందీ ఏదైనా సరే నొప్పి లేపవచ్చు. నూడుల్స్ బండి దగ్గర వేసే అజినమోటో మీద చాలా అనుమానాలు ఉన్నాయి. తెలియకుండా తినిపించి చేసిన పరీక్షల్లో మాత్రం అది అందరికీ నొప్పి తెస్తుందని తేలలేదు.

ఇంకొక సంగతి. నొప్పి రావడానికి ఒక రోజు ముందే కొందరికి ఆవులింతలు వస్తాయి. మెడ పట్టేస్తుంది. తీపి తినాలనిపిస్తుంది. బెల్లం ముక్క తింటారు. తెల్లారి తల నొస్తుంది. "బెల్లం వల్లే" అంటారు. కానీ నొప్పి అప్పటికే మొదలైంది. ఆ నొప్పే బెల్లం తినాలనిపించింది. నింద మాత్రం బెల్లం మోసింది.

మరి తెలుసుకునేది ఎలా?

రాసుకోవాలి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలు. ఆ అక్క ఇలా రాసింది:

సోమవారం. పొద్దున టీ. సద్ది 12 గంటలకు. సాయంత్రం తల నొప్పి.
బుధవారం. పొద్దున సద్దన్నం, మజ్జిగ. రాత్రి వంకాయ కూర. నొప్పి లేదు.
శనివారం. ఒక్కపొద్దు. రాత్రి నొప్పి, వాంతి.

ఎప్పుడు నిద్రపోయింది, ఎప్పుడు నెలసరి వచ్చింది, ఏం బిళ్ళ మింగింది, అవీ రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. రెండు నెలలు రాశాక వెనక్కి తిప్పి చూసింది. నొప్పి వచ్చిన రోజుల్లో చాలా రోజులు పొద్దున ఏమీ తినలేదు. మానేసిన వంకాయను మళ్ళీ తిని చూస్తే ఏమీ కాలేదు. ఇప్పుడు ఆటో ఎక్కకముందే రెండు ముద్దలు తింటోంది. సీసా నీళ్ళు పట్టుకుపోతోంది. నొప్పి పూర్తిగా పోలేదు. నెలసరి ముందు ఇంకా వస్తోంది. కానీ తగ్గింది.

ఏదైనా పదార్థం తిన్న ప్రతిసారీ, మూడు నాలుగు సార్లు వరసగా నొప్పి వస్తే అప్పుడు దాన్ని అనుమానించాలి. అది ఒక్కదాన్నే నెల రోజులు మాని చూడాలి. తేడా లేకపోతే మళ్ళీ తినాలి. పాలు, గుడ్లు, పప్పులు ఊరికే మానేస్తే ఒంట్లో బలం పోతుంది.

బిళ్ళలు, ఆసుపత్రి

నెలకు 10 రోజులు, అంతకంటే ఎక్కువ నొప్పి బిళ్ళలు మింగితే ఆ బిళ్ళలే తలనొప్పి తేవచ్చు. నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. డాక్టరు రాయాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల జబ్బుల విభాగం ఉంది. నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించేవాళ్ళు మాలా-డి వంటి గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, ఆ సంగతి నర్సమ్మకు తప్పక చెప్పాలి. వాళ్ళకు పక్షవాతం భయం ఎక్కువ. వేరే పద్ధతి చూపిస్తారు.

ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, కాలు చెయ్యి పడినా, మాట ముద్దగా వచ్చినా ఆగవద్దు. తలకు దెబ్బ తగిలాక నొప్పి వచ్చినా, 5 నెలలు దాటిన గర్భిణికి విపరీతంగా తల నొచ్చినా అంతే. వెంటనే 108 కు ఫోను చేయాలి. మామూలుగా డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు మాత్రం ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోవాలి.