పైపు గ్యాస్ ఖర్చు: క్యూబిక్ మీటర్ల నుంచి యూనిట్ల దాకా

గ్యాస్ బండ మార్చిన రోజున క్యాలెండర్ మీద తేదీ రాసి పెట్టుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. బండ ఎన్నాళ్లు వచ్చిందో చూస్తే ఖర్చు తెలిసిపోతుంది. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో ఆ వీలు లేదు. మీటరు తిరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు బిల్లు వస్తుంది. అందులో వాడకం క్యూబిక్ మీటర్లలో ఉంటుంది. సిలిండర్‌కు కొలత కిలోలు, కరెంటుకు యూనిట్లు. మూడింటిలో వంటకు ఏది చవక అన్న ప్రశ్నకు ఈ అంకెలను నేరుగా పోల్చి జవాబు చెప్పలేం. మూడింటినీ ముందు ఒకే కొలతలోకి మార్చాలి.

ఇళ్లలో సాధారణంగా ఉండేది డయాఫ్రమ్ మీటరు. లోపలి గదుల్లో సాగే పొరలు గ్యాస్ నిండినప్పుడు ఒకవైపు, ఖాళీ అయినప్పుడు మరోవైపు కదులుతాయి. ప్రతి కదలికకూ నిర్ణీత పరిమాణంలో గ్యాస్ బయటకు వెళుతుంది. ఆ కదలికలే పళ్లచక్రాల ద్వారా అంకెలను తిప్పుతాయి. నల్ల అంకెలు పూర్తి క్యూబిక్ మీటర్లు, ఎర్ర అంకెలు దశాంశాలు. అంటే మీటరు కొలిచేది గ్యాస్ ఎంత చోటు ఆక్రమించిందన్నదే, అది ఎంత వేడి ఇచ్చిందన్నది కాదు.

వేడి లెక్కకు కెలోరిఫిక్ విలువ కావాలి. నిర్దిష్ట పరిమాణంలో ఇంధనం పూర్తిగా మండితే వెలువడే ఉష్ణశక్తి ఇది. పైపు గ్యాస్‌లో ప్రధానంగా ఉండేది మీథేన్. దానితో కలిసి వచ్చే ఈథేన్ వంటి వాయువుల పాళ్లను బట్టి ఈ విలువ కొంత మారుతుంది. ఒక స్టాండర్డ్ క్యూబిక్ మీటరుకు ఇది 9,300 కిలోకెలోరీలు అనుకుందాం. బిల్లులో వేరే అంకె ఉంటే దాన్నే తీసుకోవాలి. కరెంటు యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట, అది 860 కిలోకెలోరీలకు సమానం. 9,300ను 860తో భాగిస్తే 10.8. అంటే ఒక క్యూబిక్ మీటరు గ్యాస్‌లో దాదాపు 10.8 యూనిట్ల శక్తి ఉంది.

ఒక ఇంట్లో పాత రీడింగ్ 312, కొత్త రీడింగ్ 336 అనుకుందాం. తేడా 24 క్యూబిక్ మీటర్లు. దాన్ని 10.8తో గుణిస్తే సుమారు 259 యూనిట్లు.

ఇప్పుడు సిలిండర్ సంగతి చూద్దాం. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల ఎల్పీజీ ఉంటుంది. కిలోకు సుమారు 11,900 కిలోకెలోరీల చొప్పున మొత్తం 1,69,000 కిలోకెలోరీలు, అంటే 196 యూనిట్లు. ఆ లెక్కన ఒక బండ దాదాపు 18 క్యూబిక్ మీటర్ల పైపు గ్యాస్‌కు సమానం.

లెక్క సౌలభ్యం కోసం సిలిండర్ 900 రూపాయలు, పైపు గ్యాస్ క్యూబిక్ మీటరు 50 రూపాయలు అనుకుందాం. సిలిండర్ గ్యాస్ కిలోకు 63 రూపాయలు పడుతుంది. 63 పక్కన 50 పెట్టి చూస్తే పైపు గ్యాస్ బాగా చవక అనిపిస్తుంది. కానీ యూనిట్ల లెక్కలో రెండూ 4 రూపాయల 60 పైసలకు అటూ ఇటూగానే ఉన్నాయి. కనిపించిన చవక కొలతల తేడా వల్ల పుట్టిందే. స్థానిక ధరలు వేసి ఎవరికి వారు ఈ లెక్క చేసుకోవచ్చు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. స్టాండర్డ్ క్యూబిక్ మీటరు అంటే 15 డిగ్రీల సెల్సియస్ వద్ద, సముద్రమట్టపు వాయుపీడనం వద్ద కొలిచిన పరిమాణం. వేడికి గ్యాస్ వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వద్ద అదే గ్యాస్ సుమారు 5 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఎత్తైన ప్రాంతాల్లో వాయుపీడనం తక్కువ. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో అది సుమారు 6 శాతం తగ్గుతుంది. ఇంటికి గ్యాస్‌ను కాస్త అదనపు పీడనంతో పంపడం వల్ల 2 శాతం దాకా తిరిగి కలుస్తుంది. మొత్తం మీద 30 డిగ్రీల వద్ద మీటరు చూపే ఒక క్యూబిక్ మీటరు హైదరాబాద్‌లో సుమారు 0.91, విజయవాడలో సుమారు 0.97 స్టాండర్డ్ క్యూబిక్ మీటర్లు అవుతుంది. ఈ సవరణ బిల్లులో ఉందో లేదో చూసుకుంటే లెక్క మరింత కచ్చితంగా వస్తుంది.

బ్రిటన్‌లో ఈ మార్పు బిల్లులోనే చేసి చూపిస్తారు. క్యూబిక్ మీటర్లను 1.02264 అనే సవరణ గుణకంతోనూ, మెగాజౌళ్లలో ఉన్న కెలోరిఫిక్ విలువతోనూ గుణించి, 3.6తో భాగిస్తే కిలోవాట్ గంటలు వస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పరిచయమైన లెక్కే. మన దేశంలోనూ సహజవాయువు టోకు ధరను శక్తి కొలమానమైన ఎంఎంబీటీయూలలోనే చెబుతారు. ఒక ఎంఎంబీటీయూ సుమారు 293 యూనిట్లు. వంటింటికి వచ్చేసరికి లెక్క క్యూబిక్ మీటర్లలోకి మారుతుంది.

యూనిట్ ధర తెలిసినంత మాత్రాన పోలిక పూర్తి కాదు. మంట వేడిలో కొంత గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. ఇండక్షన్ పొయ్యిలో వేడి గిన్నె అడుగులోనే పుడుతుంది కాబట్టి వృథా తక్కువ. అందువల్ల యూనిట్‌కు కాస్త ఎక్కువ ధర ఉన్నా కరెంటు వంట మొత్తం ఖర్చులో గ్యాస్‌కు దగ్గరగా రావచ్చు.

వారానికోసారి ఒకే రోజున నల్ల అంకెలు రాసుకుని, తేడాను 10.8తో గుణిస్తే చాలు, వాడకం తీరు కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. పొయ్యిలు, గీజర్లు అన్నీ ఆపి ఉన్నా ఎర్ర అంకెలు కదులుతుంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. అప్పుడు స్విచ్చులు ముట్టుకోకుండా, మంట వెలిగించకుండా మీటరు దగ్గరి వాల్వు మూసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చాక గ్యాస్ సంస్థ అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.