తొలి కారు, తొలి బీమా: ఆదా కావాలి, అసత్యం వద్దు

ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఆ యువకుడు ఒక పాత కారు కొన్నాడు. బీమా విషయం మాట్లాడడానికి వచ్చిన ఏజెంటు, “పాత యజమానికి ఉన్న బోనస్‌ను మీ పేర చూపిద్దాం బాబూ, ప్రీమియం బాగా తగ్గుతుంది” అన్నాడు. “అబ్బాజాన్, అందరూ ఇలాగే చేస్తారట” అంటూ యువకుడు తండ్రి వైపు చూశాడు. ఇటువంటి క్షణం నేడు అనేక కుటుంబాలకు ఎదురవుతూనే ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనం నడపరాదు. మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఈ బీమా మన కారు కోసం కాదు. మన వల్ల నష్టపోయే ఎదుటివారి కోసం. పొరపాటున ప్రాణం పోయినా మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలన్నది దివ్యఖుర్ఆన్ (4:92) ఆదేశం. ఆ భారాన్ని బంధువర్గమంతా పంచుకునే ‘ఆఖిలా’ విధానం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఉంది.

నిర్ణీత ప్రీమియంతో సాగే వాణిజ్య బీమా ధర్మసమ్మతం కాదనీ, పరస్పర సహకార బీమా సమ్మతమేననీ అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1985లో జిద్దాలో తీర్మానించింది. అయితే చట్టం తప్పనిసరి చేసిన మేరకు తీసుకోవడాన్ని అనివార్యతగా భావించి పలువురు ఉలమాలు అనుమతించారు. అంతకు మించిన ఐచ్ఛిక బీమాపై అభిప్రాయభేదాలున్నాయి. కనుక విశ్వసనీయులైన ఆలిమ్‌ను సంప్రదించడం ఉత్తమం.

ఇక ఖర్చు సంగతి. బ్రిటన్ వంటి దేశాలలో యువకుల వయసే ప్రీమియంను పెంచుతుంది. మన దేశంలో థర్డ్ పార్టీ రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఇరవై ఏళ్లవారికైనా, యాభై ఏళ్లవారికైనా అది ఒక్కటే. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సి.సి. మించని కారుకు ఏటా 2,094 రూపాయలు, 1500 సి.సి. వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897 రూపాయలు, పన్ను అదనం. పాత కారుకు ఇది మాత్రమే తీసుకోవచ్చు. అన్నింటికన్నా చౌకైన మార్గం ఇదే.

సొంత కారు నష్టానికి కూడా బీమా తీసుకోదలిస్తే, అక్కడ కంపెనీకీ కంపెనీకీ ధర మారుతుంది. కనీసం మూడు నాలుగు సంస్థల రేట్లు పోల్చి చూడాలి. మరమ్మతు ఖర్చులో కొంత మనమే భరిస్తామని ముందుగా ఒప్పుకుంటే ప్రీమియం తగ్గుతుంది. అవసరం లేని అదనపు రక్షణలను వదులుకోవాలి. 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఇప్పటికే ఉన్నవారు దానిని మళ్లీ కొననక్కరలేదు. కారు తక్కువగా తిప్పేవారు, నడిపిన దూరాన్ని బట్టి చెల్లించే పాలసీల గురించి అడగవచ్చు.

క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి సొంత నష్టపు ప్రీమియంలో 20 శాతం, వరుసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం రాయితీ లభిస్తుంది. కనుక చిన్న గీతలకు క్లెయిమ్ చేయకపోవడమే లాభం. గడువు ముగిసిన 90 రోజులలోగా పునరుద్ధరించకపోతే ఈ రాయితీ పోతుంది.

ఈ బోనస్ కారుది కాదు, మనిషిది. కారు అమ్మినవారి బోనస్ కొన్నవారికి చెందదు. చెందనిదాన్ని చెందినట్లు రాయడం సంతకం పెట్టి చెప్పిన అబద్ధం. ప్రమాదం జరిగిన రోజున అది బయటపడితే సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. అలాగే లైసెన్సు లేని తమ్ముడికి తాళంచెవి ఇస్తే, బాధితులకు చెల్లించిన సొమ్మును సంస్థ తిరిగి మననుంచే వసూలు చేయవచ్చు.

ఆ తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి, “బేటా, నాలుగు వేలు ఎక్కువైతే ఈ నెల ఇంకొక ఖర్చు తగ్గించుకుందాం. నీ మొదటి కారు మాత్రం అబద్ధంతో మొదలు కాకూడదు” అన్నాడు. యువకుడు దరఖాస్తులో బోనస్ గడిని ఖాళీగా వదిలి సంతకం చేశాడు. వచ్చే ఏడాది, ఇన్షా అల్లాహ్, ఆ గడిలో అతడు స్వయంగా సంపాదించుకున్న 20 శాతం ఉంటుంది.