బురదలో ఆంటిమొనీ: మొత్తం లెక్క ఒక్కటే చాలదు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ రైల్వేకు, ఆంటిమొనీ అనే మూలకానికి పాత సంబంధం ఉంది. పాత వ్యాగన్ల బేరింగుల్లో పోసే తెల్ల లోహంలో అది ఉండేది. బోగీల బ్యాటరీల్లో సీసపు పలకలను గట్టిపరచడానికీ దాన్ని కలిపేవారు.

పరిశ్రమల నుంచి బయటపడ్డ లోహాలు వాననీటితో నదుల్లోకి చేరతాయి. ఖరగ్‌పూర్, మేదినీపూర్‌ల మధ్య పారే కంసావతి, కెలెఘాయితో కలిసి హల్దీ నదిగా మారి హల్దియా దగ్గర హుగ్లీలో కలుస్తుంది. ఆ తర్వాత బంగాళాఖాతమే. నీటితో వచ్చే లోహాల్లో కొంత భాగం దారిలోనూ సముద్రంలోనూ అడుగు బురదకు అంటుకుపోతుంది.

ఆ బురదలో ఆంటిమొనీ ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఆక్సిజన్ అందని లోతు పొరల్లో ఆంటిమొనీ-3, ఆక్సిజన్ ఉన్నచోట ఆంటిమొనీ-5. మొదటిదానికి విషగుణం ఎక్కువ. రెండోది సాధారణంగా నీటిలో తేలిగ్గా కదిలిపోతుంది. అందుకే మొత్తం ఎంత ఉందో తెలిసినంత మాత్రాన ప్రమాదం తెలియదు.

చిక్కు కొలతలోనే ఉంది. మొత్తం తేల్చాలంటే బలమైన ఆమ్లాలతో మట్టిని కరిగిస్తారు. అప్పుడు ఏది ఏ రూపమో చెరిగిపోతుంది. బురదను పైకి తీసి గాలి తగలనిచ్చినా మూడు అయిదుగా మారిపోవచ్చు. అందుకే నమూనాను నైట్రోజన్ వాయువులో, చల్లగా ఉంచుతారు. తర్వాత సిట్రిక్ ఆమ్లంతో మృదువుగా లాగుతారు. అది ఆంటిమొనీ-3ను పట్టుకుని, మారిపోకుండా కొంత కాపాడుతుంది. ఆపై క్రొమటోగ్రఫీ గొట్టంలో రెండు రూపాలనూ వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో విడివిడిగా కొలుస్తారు.

అయినా సిట్రిక్ ఆమ్లం లాగేది కొంత భాగాన్నే. ఇనుము ఆక్సైడ్లలో ఇరుక్కున్నది చాలావరకు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఎంత శాతం బయటికి వచ్చిందో కూడా చెప్పాలి. తెలిసిన మోతాదులో ఆంటిమొనీ-3ను బురదలో కలిపి, అది అదే రూపంలో తిరిగి వస్తుందో లేదో చూడడం మరో పరీక్ష.

హల్దియా రేవుకు ఓడలు రావాలంటే నిత్యం పూడిక తీయాల్సిందే. గాలి ఎరుగని బురద అప్పుడు పైకి లేస్తుంది. అందులోని ఆంటిమొనీ రూపం మారి నీటిలోకి కదిలే వీలుంటుంది. తవ్విన మట్టిని ఎక్కడ పోయాలో నిర్ణయించేవారు నివేదికలో ముందుగా వెతకాల్సింది ఈ రూపాల వివరాన్నే. మొత్తం అంకె ఆ తర్వాతి సంగతి.