హైవేనే ఊరి మెయిన్ రోడ్డయితే?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకి చౌటుప్పల్ బాగా గుర్తుంటుంది. బారులు తీరిన కార్లు, ఎంతకీ కదలని ట్రాఫిక్. ‘ఈ ఊరు దాటేదెప్పుడురా బాబూ’ అని విసుక్కుంటాం. అక్కడుండేవాళ్ల వైపు నుంచి చూస్తే ప్రశ్న తిరగబడుతుంది: ఈ రోడ్డు దాటేదెప్పుడు?

పుణె నుంచి మచిలీపట్నం దాకా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే కాదు, మన దగ్గర చాలా హైవేలు ఊళ్ల మధ్యలోంచే పోతాయి. బస్సెక్కేది అక్కడే, కూరగాయలు కొనేది అక్కడే, పిల్లలు బడికి దాటేదీ అక్కడే.

లెక్కలు చూస్తే గుండె గుభేల్

దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా దాదాపు 2 శాతం. కానీ కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 61,038 మంది ప్రాణాలు పోయింది వాటి మీదే. అన్ని రోడ్లూ కలిపి ఆ ఏడాది చనిపోయిన పాదచారులు 32,825 మంది.

కారణం స్పీడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషి కనబడి, బ్రేకు మీద కాలు పడేలోపే ఆ దూరం అయిపోతుంది. బండి పూర్తిగా ఆగేసరికి దాదాపు 57 మీటర్లు. అదే 40లో ఉంటే 20 మీటర్లలో ఆగిపోతుంది. తేడా ఓ ప్రాణం.

తప్పు జనానిదేనా?

‘రాంగ్ రూట్‌లో వస్తారు, డివైడర్ దూకుతారు’ అని తిట్టడం తేలిక. కానీ ఎదురుగా కనిపించే షాపుకి వెళ్లాలంటే కిలోమీటరు అవతల యూటర్న్ తీసుకోవాలి. సర్వీస్ రోడ్డు నిండా లారీలూ, తోపుడు బండ్లూ. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉన్నా, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అన్ని మెట్లు ఎక్కగలదా? రోడ్డే అలా ఉంటే అలవాట్లూ అలాగే ఉంటాయి.

బైపాస్ వేస్తే సరిపోతుందా? కొంతవరకే. గిరాకీ పోతుందని వ్యాపారులు భయపడతారు. కొన్నేళ్లకు దుకాణాలు బైపాస్ పక్కకే చేరతాయి. అదీ మరో మెయిన్ రోడ్డవుతుంది.

అసలు కావాల్సింది ‘ఊళ్లోకి వచ్చాం’ అని డ్రైవర్‌కి అనిపించడం. బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ పట్టించుకోరు. ఊరి మొదట్లోనే రంబుల్ స్ట్రిప్స్, కాస్త ఇరుకైన లేన్లు, స్పీడ్ కెమెరా ఉంటే కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్తుంది. జనం నిజంగా దాటే చోటే కాస్త ఎత్తుగా కట్టిన జీబ్రా క్రాసింగ్, మధ్యలో ఆగి నిలబడేందుకు చోటు, రాత్రికి మంచి లైట్లు కావాలి. బస్టాపు మెయిన్ లేన్ పక్కన కాకుండా సర్వీస్ రోడ్డులోకి మారాలి. ఫ్లైఓవర్‌తో పోలిస్తే ఇవన్నీ చాలా తక్కువ ఖర్చు పనులు.

మరి మనమేం చేయొచ్చు?

కేంద్రం నిబంధనల ప్రకారం 500 మీటర్ల లోపు మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అంటే మనుషులు పోయాకే మార్కు పడుతుంది. అంతదాకా ఆగక్కర్లేదు. లైటు వెలగకపోయినా, డివైడర్ విరిగినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి కాల్ చేయండి. ఫొటోలు తీసి మీ మున్సిపాలిటీకో, పంచాయతీకో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోన్ కొట్టండి. సాయం చేసినవాళ్లకి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇక మీరే డ్రైవింగ్ సీట్లో ఉంటే... ఊరు కనబడగానే 40కి దిగండి. రెండు కిలోమీటర్ల ఊరు దాటడానికి పట్టే అదనపు సమయం నిమిషంన్నర. రెండు రీల్స్ చూసేంత కూడా కాదు!