బిడ్డను చూపే గదికి రాబడి ఎంత?

ఛత్రినాక: భార్యాభర్తలు విడిపోయి కోర్టుకెక్కిన తర్వాత బిడ్డ ఒకరి దగ్గర వుంటుంది. రెండోవారు వారానికో పక్షానికో వచ్చి చూసిపోవాలి. ఆ చూపుల దగ్గర జగడం రాకుండా, బిడ్డను ఎత్తుకుపోతారన్న బెదురు లేకుండా, ఇరువైపులకూ చెందని మనిషి ఒకరు కూర్చోవలసి వస్తుంది. అమెరికాలో ఇది గంటకింత అని రుసుము తీసుకునే వృత్తి. మన దగ్గర పెట్టుకుంటే మిగిలేదెంత అన్నదే ప్రశ్న.

చోటు మాటకొస్తే పాతబస్తీలోని ఛత్రినాక అనువైనదే. కుటుంబ తగాదాలు నడిచే పురానీ హవేలీ కోర్టులు ఆటోలో పోయేంత దూరం. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర. అయితే ముందుగది ఖాళీగా వున్నంత మాత్రాన గిరాకీ రాదు.

మొదటి చిక్కు ఆర్డరు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం, 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, వీటి కింద బిడ్డ ఎవరి దగ్గర వుండాలో, రెండోవారు ఎప్పుడు చూడాలో జడ్జిగారు నిర్ణయిస్తారు. ఐదేళ్లలోపు పసివాళ్లు మామూలుగా తల్లి దగ్గరే వుండాలని 1956 చట్టం చెబుతున్నది. బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా దక్కాలని, కలిసే వీలు లేనప్పుడు ఫోనులోనో వీడియోలోనో అయినా మాట్లాడించాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో చెప్పింది. కాని చూపులకు ప్రైవేటు గది పెట్టేవారికి లైసెన్సు ఇచ్చే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఉభయులూ ఒప్పుకుని, ఆర్డరులో మీ చోటు పేరు పడితేనే బేరం. చాలావరకు కోర్టు ఆవరణలోనో, గుడిలోనో, పార్కులోనో చూపించమంటారు. అక్కడ గదికి అద్దె లేదు. మీ పోటీదారు ఎవరో కాదు, ఆ ఉచిత చోటే.

ఇక లెక్క. ఈ అంకెలు మార్కెట్టు ధరలు కావు, లెక్క కోసం వేసుకున్నవి. గంటకు 500 రూపాయలు, ఒక్కో చూపు రెండు గంటలు అనుకుందాం. అంటే చూపుకు వెయ్యి. పిల్లలకు బడి లేని శని, ఆదివారాలే పని. పగబట్టిన రెండు కుటుంబాలను ఒకే గదిలో కూర్చోబెట్టలేరు కనుక రోజుకు మూడు చూపులు మించవు. వారానికి ఆరు, నెలకు 24. అన్నీ నిండితే 24 వేలు.

అన్నీ నిండవు. బిడ్డకు జ్వరమంటారు, పరీక్షలంటారు, తల్లి రాలేదంటారు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల ఆదివారం ఆ వీధుల్లోకి ఆటో రావడమే కష్టం. మొదటి ఏడు నెలకు ఎనిమిది చూపులు దొరికి, అందులో రెండు తప్పిపోతే చేతికొచ్చేది 6 వేలు. గది అద్దె 5 వేలు, తోడుండే ఆడమనిషికి 3 వేలు, కరెంటు, టీ, బొమ్మలు కలిపి వెయ్యి. ఖర్చు 9 వేలు. అంటే నెలకు 3 వేలు చేతినుంచి పెట్టుకోవాలి. నెలకు 14 చూపులు ఖాయంగా జరిగితే 5 వేలు మిగులుతుంది. సొంత గది అయితే అద్దె మిగులు. కెమెరా ఖర్చు ఇందులో కలపలేదు.

ఈ లెక్కలో చేరని ఖర్చు మరొకటుంది. తండ్రి మందు తాగి వచ్చాడనో, తల్లి బిడ్డకు మాటలు నేర్పి పంపిందనో గొడవ లేస్తే, గదిలో కూర్చున్న మనిషే సాక్షి. పురానీ హవేలీ మెట్లెక్కి రోజంతా పడిగాపులు పడాలి. ఆ రోజు కూలి ఇచ్చేవారెవరూ లేరు. ఒక పక్షం దగ్గర పండ్లబుట్ట తీసుకున్నా రెండోవారు కొమ్ముకాశాడంటారు. మాట పోయిందా, గిరాకీ పోయినట్టే.

డబ్బిచ్చేది ఎవరు? నల్గొండ వైపు నుంచో పాలమూరు నుంచో బస్సెక్కి, మిఠాయి పొట్లం చేతబట్టుకుని వచ్చే తండ్రి ఆ పూట కూలి వదులుకుని వస్తాడు. బస్సు చార్జీలు వేరు. వాటిమీద వెయ్యి రూపాయలంటే నెలకు రెండుసార్లు రావలసినవాడు ఒకసారే వస్తాడు, తర్వాత మానేస్తాడు. బిడ్డ ముఖం మరిచిపోతుంది. మనోవర్తి కేసు నడుస్తున్న ఇళ్లలో రుసుము ఎవరు కట్టాలన్నదే మరో తగాదా. కాబట్టి ఈ గదికి వచ్చేది కాస్త ఉన్నవాళ్లే. వాళ్లు పాతబస్తీ దాకా వస్తారా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

పైదేశాల్లోనూ ఇది బంగారు బాతేమీ కాదు. కాలిఫోర్నియాలో వృత్తిగా చేసేవారికి 24 గంటల శిక్షణ వుండాలని చట్టం. ఇంగ్లండులో ఇలాంటి కేంద్రాలు చాలావరకు స్వచ్ఛంద సేవకుల చేతిమీదుగా నడుస్తున్నవి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం నిధులిస్తున్నది.

ఉన్న కొలువు మాని, అప్పు తెచ్చి దిగేంత పని మాత్రం కాదిది. ఇప్పటికే పిల్లల బడిగాని, ట్యూషన్ గాని నడుపుతూ, ఆదివారం ఖాళీగా వుండే గది కలవారికి కొంత పనికొస్తుంది. బొమ్మలూ బల్లలూ అక్కడ ముందే వుంటాయి. అయినా మొదలుపెట్టే ముందు కుటుంబ కేసులు చూసే వకీళ్లను కలిసి, నెలకు ఎన్ని ఆర్డర్లలో బయటి చోటు రాస్తున్నారో అడగాలి. పనిమనిషికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. రుసుము ముందుగానే కట్టించుకుని రసీదు ఇవ్వాలి. తల్లి దిగే వేళకూ తండ్రి వచ్చే వేళకూ పావుగంట ఎడం పెట్టి, వచ్చిన వేళ, పోయిన వేళ పుస్తకంలో ఇద్దరిచేతా సంతకం చేయించుకోవాలి.